అట్లాంటిక్ దాటిన షేర్వాణీ

హైదరాబాద్, ప్రయాణానికి మూడు వారాల ముందు

ప్రయాణపు కాగితాలు వచ్చిన సాయంత్రం మా వారు వాటన్నిటినీ పక్కకు నెట్టి ఒక్క పేజీ దగ్గరే ఆగిపోయారు. వీసా తేదీలు, బీమా, క్యాబిన్ నంబరు ఏవీ ఆయనకు పట్టలేదు. "సాయంత్రం ఆరు దాటాక ఎలాంటి బట్టలు వేసుకోవాలో రాశారు, చూడు" అంటూ ఆ పేజీ నా చేతిలో పెట్టారు.

న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు ఇప్పటికి మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ విమానంలోనే. ఈసారి లండన్ దాకా విమానంలో వెళ్లి, సౌతాంప్టన్ రేవు నుంచి క్వీన్ మేరీ 2 ఓడలో న్యూయార్క్ చేరాలని నేను పట్టుబట్టాను. నల్లకుంటలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పినదాన్ని. అట్లాంటిక్‌ను గోడ మీది పటంలో బెత్తంతో చూపించడమే తప్ప కళ్లారా చూసింది లేదు.

కాగితంలో ఉన్నది ఇది. ఏడు రాత్రుల ప్రయాణంలో రెండు గాలా రాత్రులు. ఆ రెండు రాత్రులూ పెద్ద భోజనశాలలో కూర్చోవాలంటే మగవారు నల్ల డిన్నర్ జాకెట్ గాని, టైతో ముదురు రంగు సూటు గాని వేసుకోవాలి. ఆడవారు పెద్ద విందుకు తగినట్టు అలంకరించుకోవాలి. మిగతా రాత్రులు అంత పట్టింపు లేదు, కానీ నిక్కర్లు, చిరుగుల జీన్సు పనికిరావు. ముస్తాబు ఇష్టం లేనివారు బఫేలోనో పబ్బులోనో హాయిగా తినవచ్చు. ఆ కింద ఇంకొక మాట కూడా ఉంది: ఏ దేశం వారైనా తమ సంప్రదాయ విందు దుస్తుల్లో రావచ్చు.

అన్ని ఓడల్లోనూ ఇంత పట్టింపు ఉండదు. నార్వేజియన్ అనే ఓడల కంపెనీ వారు 2000లోనే ఎవరికి నచ్చినట్టు వారు తినే పద్ధతి తెచ్చారు. సెలెబ్రిటీ అనే ఇంకో కంపెనీ వారు 2015లో ఫార్మల్ రాత్రి అన్న పేరే తీసేశారు. పాత పద్ధతిని ఇంకా గట్టిగా పట్టుకున్నవారిలో మేం ఎక్కబోయే ఓడ నడిపే కునార్డ్ వారు ఒకరు.

"అబ్బాయి పెళ్లికి కుట్టించిన సూటు ఉంది. దానితో కానిచ్చేద్దాం" అన్నారు మా వారు. ఆయన గొంతులో ఉత్సాహం లేదు. కారణం నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట నగరంలోని ఒక క్లబ్బులో స్నేహితుడి షష్టిపూర్తి విందుకు పంచె, లాల్చీ, కండువాతో వెళితే గుమ్మంలోనే ఆపేశారు. స్నేహితుడు లోపలి నుంచి వచ్చి బతిమాలినా ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి ప్యాంటు తొడుక్కుని మళ్లీ వెళ్లడానికి ఆయనకు మనసు రాలేదు. ఆ రాత్రి ఇద్దరం పెరుగన్నం తిని పడుకున్నాం. 2014లో చెన్నైలో ఒక హైకోర్టు న్యాయమూర్తిని పంచె కట్టుకున్నందుకే ఒక క్లబ్బులోకి రానివ్వలేదని, దాంతో తమిళనాడు ప్రభుత్వం చట్టమే తెచ్చిందని పత్రికలో వచ్చినప్పుడు, ఆ ముక్క కత్తిరించి డైరీలో దాచుకున్నారు. ఇప్పటికీ ఉంది.

నేను లోపలి గదిలోకి వెళ్లి, అత్తగారి ఇనప్పెట్టె తెరిచి, మామగారి నల్ల షేర్వాణీ బయటికి తీశాను.

హైదరాబాద్, పదిహేను రోజుల ముందు

వారం రోజులు మా ఇంట్లో షేర్వాణీ మీదే వాదన. "అది నిజాం కాలపు వేషం. నలుగురిలో మన బట్టలని ఎలా చెప్పుకుంటాం?" అని ఆయన. "మీ నాన్నగారి ఒంటి మీద అన్నేళ్లు ఉన్నది మనది కాకపోతే ఎవరిది?" అని నేను. మామగారు ఉస్మానియాలో చదువుకుని, చాదర్‌ఘాట్ దగ్గర ఒక బడిలో లెక్కలు చెప్పారు. బడికి షేర్వాణీ, ఇంటికి రాగానే పంచె. ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యంలో తెలుగువారైనా, మరాఠీలైనా, కన్నడిగులైనా, ముస్లింలైనా కాలేజీకీ సర్కారు కచేరీకీ షేర్వాణీలోనే వెళ్లేవారు. దర్బారుకు వెళ్లే పెద్దలకైతే దాని మీద దస్తార్ అనే తలపాగా, నడుముకు బగ్లూస్ అనే పట్టీ కూడా ఉండాలి. దుస్తుల నిబంధన మన ఊరికి కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవాల్సినదీ కాదు.

చివరికి ఆయన రాజీపడ్డారు: సూటూ పెట్టుకుందాం, షేర్వాణీ కూడా పెట్టుకుందాం. పత్తర్‌గట్టి కమానుల వెనక సందులో ఒక ముసలి దర్జీ దగ్గరకు వెళ్లాం. ఆయన షేర్వాణీని లోపలికి తిరగేసి, పక్క కుట్ల వెంట బొటనవేలు నెమ్మదిగా నడిపించాడు. వేలు ఒకచోట ఆగింది. "చూడండమ్మా, అటూ ఇటూ వేలెడేసి గుడ్డ వదిలారు. కొడుకు వేసుకుంటాడని ఆనాడే అనుకున్నారు" అన్నాడు. ఇప్పుడు ఎవరూ అంత గుడ్డ లోపల వదలరట. పక్కలు వదులు చేస్తానన్నాడు గాని, కాలరు మాత్రం ముట్టుకోనన్నాడు. "మెడ కదిలిస్తే దీని నిలుపు పోతుంది."

అక్కడి నుంచి పురానీ హవేలీ ఎంతో దూరం లేదు. నడుచుకుంటూ వెళ్లి నిజాం మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా చూశాం. బీరువా అంటే బీరువా కాదు, గది పొడవునా సాగిన రెండంతస్తుల బర్మా టేకు కట్టడం. ఒకసారి తొడిగింది ఆయన మళ్లీ తొడిగేవాడు కాదని చెబుతారు. మా వారు అక్కడ చాలాసేపు నిలబడ్డారు. బయటికి వచ్చాక, "నాన్నకు రెండే ఉండేవి. ఒకటి రోజూ బడికి. రెండోది ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజుకూ పెళ్లిళ్లకూ. ఇది ఆ రెండోది" అన్నారు.

నా చీరల సంగతి సులువుగానే తేలిపోయింది. మొదటి గాలా రాత్రికి నలుపు తెలుపు రంగులు, రెండోదానికి ఎరుపు బంగారు రంగులు అన్నారు. వీలుంటేనే, బలవంతం లేదు. నలుపు తెలుపుకు పుట్టపాక తేలియా రుమాలు చీర. నూలును నూనెలో నానబెట్టి, చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట పోగులకు ముడులు బిగించి, ఎరుపు, నలుపు, తెలుపుల్లోనే నేస్తారు. ఒకప్పుడు ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లేవి. సముద్రం దానికి కొత్త కాదన్నమాట. ఎరుపు బంగారానికి గద్వాల చీర.

మొదటి రోజు, సౌతాంప్టన్

రేవులో నిలబడి చూస్తే ఓడ మొదలు కనిపిస్తోంది గాని చివర కనిపించడం లేదు. 345 మీటర్ల పొడవు.

ఈ ఊరి పేరు వింటే నాకు ఒకటే గుర్తొస్తుంది. 1888 సెప్టెంబరు ఆఖరులో పద్దెనిమిదేళ్ల గాంధీ ఇక్కడ దిగినట్టు ఆత్మకథలో రాసుకున్నారు. ఓడలో నల్ల సూటు వేసుకుని, దిగేటప్పటికి బాగుంటుందని తెల్ల ఫ్లానెల్ బట్టలు దాచుకున్నారట. దిగి చూస్తే రేవు మొత్తంలో తెల్లబట్టల్లో ఉన్నది తానొక్కడే. అదీ ఆయనే రాశారు. ముళ్లచెంచా పట్టుకోవడం తెలియక దారి పొడవునా చాలావరకు క్యాబిన్‌లోనే, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పండ్లూ తిన్న సంగతీ రాశారు. ఆ పిల్లవాడి బెరుకు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 1931లో ఆయనే కొల్లాయిగుడ్డతో, శాలువాతో బకింగ్‌హామ్ రాజభవనంలో చక్రవర్తి ఎదుట నిలిచారన్నది మా వారికి గుర్తు చేశాను. "ఆయన గాంధీ. నేను బ్యాంకు ఉద్యోగిని" అన్నారు.

ఈ రాత్రికి ముస్తాబు లేదు. తొలి రాత్రి, చివరి రాత్రి విందు దుస్తులు ఉండకపోవడం పాత ఓడల నాటి ఆచారం. తొలి రాత్రికి పెట్టెలు విప్పి ఉండరు, చివరి రాత్రికి సర్దేసి ఉంటారు. ఆ కాలంలో పెద్ద ట్రంకుపెట్టెలకు 'ప్రయాణంలో అక్కర్లేనివి' అని చీటీ అంటించి అడుగున పడేసేవారట. మా షేర్వాణీ ఉన్న పెట్టె మాత్రం మంచం పక్కనే ఉంది.

రెండో రోజు

నీళ్లు. ఎటు చూసినా నీళ్లే.

పడమటికి వెళుతున్నాం కాబట్టి గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. పదిహేను డిగ్రీల రేఖాంశానికి గంట అని ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాశానో! మొత్తం ఐదుసార్లు తిప్పాలి, అంటే ఐదు రోజులకు ఇరవై ఐదేసి గంటలు. ఈ సంగతి నా పాత విద్యార్థులందరికీ చెప్పాలనిపించింది.

మాకు బ్రిటానియా భోజనశాలలో రాత్రి ఎనిమిదిన్నర బంతి, ఎనిమిది మంది కూర్చునే బల్ల. వడ్డించే అబ్బాయి గోవావాడు. మేం శాకాహారులమని ముందే రాసి పంపాం కనుక, రేపటి వంటకాలు ఈ రాత్రే చూపించి ఏవి కావాలో అడిగి వెళ్లాడు.

మూడో రోజు, నలుపు తెలుపు రాత్రి

ఓడ ఎక్కబోయేవారు ముందుగా తెలుసుకోవాల్సినది ఒకటుంది. క్యాబిన్‌లోకి ఇస్త్రీపెట్టె తీసుకెళ్లనివ్వరు. నిప్పు భయం. ఇస్త్రీ చేసుకోవడానికి ఈ ఓడలో విడిగా లాండ్రీ గదులున్నాయి, డబ్బు కట్టనక్కరలేదు. కాకపోతే గాలా రాత్రి పగలంతా అక్కడ వరస నిలబడాలి. నేను చీరతో, మా వారు చొక్కాతో వెళ్లి నిలబడ్డాం.

మా ముందు గ్లాస్గో నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన కిల్టు, అంటే స్కాట్లాండ్ మగవారు నడుముకు కట్టుకునే లంగా లాంటిది, ఇస్త్రీ చేస్తున్నాడు. గళ్ల ఉన్ని గుడ్డ, వెనకవైపంతా కుచ్చిళ్లే. ఒక్కొక్క మడతనూ గోరుతో నొక్కి, దాని మీద తడిగుడ్డ పరిచి, పెట్టె ఆనించి తీస్తున్నాడు. మడత పడ్డచోట గళ్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చూసుకుంటున్నాడు. గీత తప్పితే విప్పి మళ్లీ మొదటికి. "ఎన్ని గజాలు?" అని అడగకుండా ఉండలేకపోయాను. "ఎనిమిది" అన్నాడు. మాది ఆరు, మా అమ్మమ్మది తొమ్మిది అన్నాను. ఆయన నా చీర కొంగు వేళ్లతో తడిమి, ఈ రంగు అంచులు ఎందుకు మసకగా ఉన్నాయని అడిగాడు. నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు కనుక అలా పారుతుందని చెప్పాను.

అప్పుడు మా వారితో ఆయన చెప్పిన విషయం నాకు బాగా పట్టుకుంది. స్కాట్లాండ్ కొండవారు తిరగబడి ఓడిపోయాక, 1746లో లండన్ పార్లమెంటు వారి బట్టలనే నిషేధించిందట. మగవాళ్లు కిల్టు కట్టుకుంటే జైలు. 1782 దాకా, ముప్ఫై ఆరేళ్లు. "ఇప్పుడు ఆ దేశపు ఓడలోనే ఇది అన్నిటికన్నా పెద్ద విందు దుస్తులు" అని కిల్టు చేతి మీద వేసుకుని వెళ్లిపోయాడు. మా వారు వెంటనే ఏమీ అనలేదు. చొక్కా కాలరు ఒకటికి రెండుసార్లు ఇస్త్రీ చేశారు.

రాత్రికి ఆయన సూటు, టై. బాగానే ఉన్నారు. భోజనశాల నడిమెట్లు దిగుతుంటే కింద వందల మంది నలుపు తెలుపుల్లో, ఎక్కడా గట్టిమాట లేదు. మన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకే బంతిని కూర్చునే బల్ల చూసినప్పుడు, అది నిండితే ఎలా ఉండేదో అనుకునేదాన్ని. ఇలాగే ఉండేదేమో.

నాకు ఈ నిబంధన అంటే గౌరవం. మనం పెళ్లికి వెళుతూ పట్టుచీర కట్టుకునేది మన కోసమేనా? పిలిచినవారి కోసం, పక్కన కూర్చునేవారి కోసం. గుమ్మం దగ్గర ఒకాయన నిక్కరుతో వస్తే అక్కడి ఉద్యోగి ఆయనతో నెమ్మదిగా మాట్లాడి, బఫే దాకా తోడు వెళ్లి దిగబెట్టి వచ్చాడు. గుమ్మంలో ఆపేయడం వేరు, ఇంకో గుమ్మం చూపించడం వేరు. ఆ రోజు క్లబ్బులో ఎవరైనా ఇలా చేసి ఉంటే ఆ పత్రిక ముక్క డైరీలో ఉండేది కాదు.

డిన్నర్ జాకెట్ కూడా ఒకప్పుడు పట్టింపు లేని తొడుగేనట. 1865 ప్రాంతంలో, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయిన యువరాజు తోకకోటు బరువనిపించి పొట్టికోటు కుట్టించుకున్నాడని, అమెరికాలో టక్సీడో పార్క్ అనే చోట వాడుకలోకి వచ్చి ఆ ఊరి పేరే దానికి నిలిచిందని బల్ల దగ్గర ఒకామె చెప్పింది. తర్వాత మా వారి వైపు తిరిగి, "మీ ఊళ్లో విందుకు ఏం వేసుకుంటారు?" అని అడిగింది. ఆయన టై ముడి సవరించుకుంటూ, "షేర్వాణీ" అన్నారు.

నాలుగో రోజు

పొద్దుటి నుంచి ఓడ ఊగుతోంది. మా వారు అల్లంముక్క నోట్లో వేసుకుని పడుకున్నారు. నేను గ్రంథాలయంలో కూర్చున్నాను. రాత్రి క్యాబిన్‌కే అన్నం, పప్పు తెప్పించుకున్నాం. రాసేదేమీ లేదు.

ఐదో రోజు

న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గరి గ్రాండ్ బ్యాంక్స్ మీద పొగమంచు. లాబ్రడార్ చల్లని ప్రవాహం, గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చని ప్రవాహం కలిసేచోటు. పరీక్షల్లో ఎన్నిసార్లు అడిగానో ఈ ప్రశ్న! డెక్ మీద చెయ్యి చాస్తే వేళ్లు మసకగా ఉన్నాయి. రెండు నిమిషాలకు ఒకసారి ఓడ కూత. మా వారిని లేపి తీసుకొచ్చి చూపించాను.

తిరిగి క్యాబిన్‌కు వచ్చాక, నేను అడగకుండానే, ఆయన షేర్వాణీ తీసి తొడుక్కున్నారు. పక్కలు సరిపోయాయి. ఏడు బొత్తాలూ పడ్డాయి. మెడ దగ్గర కొక్కెం మాత్రం అందలేదు, బియ్యపుగింజంత దూరం. దర్జీ ముట్టుకోనన్న చోటే.

కిటికీ దగ్గర కూర్చుని కొక్కెం పడే దారపు కాజా విప్పాను. నా దగ్గర ఉన్నది జాకెట్టు హుక్కులు కుట్టుకునే సన్నని సూది. ఆ కాలరులో లోపల ఎన్ని పొరల గుడ్డ ఉందో, సూది దిగితే ఒట్టు. చీర పిన్నీసు తల ఆనించి నొక్కితే గాని దిగలేదు. పాత కాజా ఉన్నచోట గుడ్డ నలుపు తాజాగా ఉంది, చుట్టూ కాస్త గోధుమరంగుకు తిరిగింది. కాలరు లోపలి అంచున మామగారి మెడ రాసుకుని నునుపైన గీత. దాన్ని తాకకుండా, పక్కన కొత్త కాజా అల్లాను. కూత వచ్చినప్పుడల్లా సూది ఆపి కూర్చునేదాన్ని. గంటన్నర పట్టింది.

కొక్కెం పడింది. ఆయన తల ఎత్తి నిలబడ్డారు. ఆ కాలరు తల దించనివ్వదు.

ఆరో రోజు, ఎరుపు బంగారు రాత్రి

గద్వాల చీరలో ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. విడివిడిగా నేసి మగ్గం మీదే పోగుకు పోగు కలుపుతారు. అందుకే ఎంత సేపు కట్టుకున్నా ఒళ్లు ఉక్కిరిబిక్కిరి కాదు. ఊగే నేల మీద కుచ్చిళ్లు పెట్టడం మాత్రం తేలిక కాదు. గోడకు వీపు ఆనించి నిలబడితే, మా వారు కిందికి వంగి అంచులు సమంగా లాగారు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆ పని ఆయన చేయడం ఇదే మొదలు. నేను ఆయన కొక్కెం పెట్టాను.

మెట్ల పైన ఆయన ఒక్క క్షణం ఆగారు. నేను దానికి భయపడుతూనే ఉన్నాను. ఆ క్లబ్బు గుమ్మం గుర్తొచ్చిందేమోనని. తలుపు దగ్గరి ఉద్యోగి అందరికీ చెప్పినట్టే "శుభసాయంత్రం" అని చెప్పి దారి ఇచ్చాడు. అంతే. ఎవరూ ఆపలేదు, ఎవరూ వింతగా చూడలేదు. మా బల్ల దగ్గర గోవా అబ్బాయి కుర్చీ వెనక్కి లాగి, "మీ నాన్నగారిదా సార్?" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే, "ఇప్పటి కుట్టు ఇలా ఉండదు. మా తాత దర్జీ" అన్నాడు.

ఆ రాత్రి మా వారు మాట్లాడినంతగా నలుగురిలో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. చాదర్‌ఘాట్ బడి గురించి, ఉర్దూలో లెక్కలు నేర్చుకుని తెలుగులో చెప్పిన నాన్న గురించి, ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ముందు రాత్రి అమ్మ బొగ్గుల పెట్టెతో ఈ షేర్వాణీనే ఇస్త్రీ చేయడం గురించి. బల్ల చుట్టూ అందరూ తినడం ఆపి విన్నారు. భోజనాలయ్యాక క్వీన్స్ రూమ్‌లో నాట్యాలు. గ్లాస్గో పెద్దాయన కిల్టుతో దూరం నుంచే చూసి, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చి, మా వారి చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఏడో రోజు

పెట్టెలు రాత్రికే గది బయట పెట్టాలి. రేపు దిగేటప్పుడు వేసుకునేవి మాత్రం చేతిసంచిలో ఉంచుకోవాలి. ఇది మరిచిపోతే రాత్రి బట్టలతోనే అమెరికాలో దిగాల్సి వస్తుంది. షేర్వాణీని వేపాకు పొట్లాలతో సహా తెల్లగుడ్డలో చుట్టి, పెట్టెలో కాకుండా చేతిసంచిలోనే పెట్టాను.

చివరి రాత్రి ముస్తాబు లేదు. మా వారు అంచు పంచె, లాల్చీ, కండువాతో తయారై తలుపు దగ్గర నా కోసం నిలబడి ఉన్నారు. నేనేమీ అడగలేదు. వెళ్లి భోంచేసి వచ్చాం.

ఎనిమిదో రోజు, న్యూయార్క్

తెల్లవారుజామున చీకట్లోనే డెక్ మీదికి వెళ్లాం. వెరజానో వంతెన కిందుగా ఓడ దూరుతుంటే పొగగొట్టం తగులుతుందేమోనని అందరూ తలలు పైకెత్తి చూశారు. కాస్త ఎడం ఉంది, దాటిపోయింది. చలిగాలి కోతగా ఉంది. మా వారు రాత్రి పంచెలోనే ఉన్నారు, పైన నా ఉన్ని శాలువా. చుట్టూ జనం దుప్పట్లలో, స్నానాల గదిలోని తెల్ల కోట్లలో ఉన్నారు. దూరంగా స్వేచ్ఛా విగ్రహం దీపం కనిపించింది.

బ్రూక్లిన్ రేవులో మా అబ్బాయి ముందు నాన్నను చూశాడు. తర్వాత చేతిసంచిలోంచి కనిపిస్తున్న నల్ల కాలరును చూశాడు. "తాతయ్య షేర్వాణీనా? నాకు పడుతుందా?" అన్నాడు.

"పక్క కుట్లలో ఇంకా కాస్త గుడ్డ ఉంది" అన్నారు మా వారు.